ఊరి రచ్చబండకు యజమాని ఎవరు?

పొద్దున్నే లేవగానే మీరు మొదట చూసేదేంటి? ఒకప్పుడైతే మబ్బు వైపు చూసేవారు. ఇప్పుడు ఫోను చూస్తున్నారు. మదనపల్లె యార్డులో టమాటా బాక్సు ఎంత పలికింది, గుంటూరులో మిర్చి ధర ఎక్కిందా దిగిందా, వాయుగుండం ఎటు మళ్లింది, మిరపలో నల్ల తామర పురుగుకు పక్కూరాయన ఏం కొట్టాడు... అన్నీ వాట్సాప్ గ్రూపులోనే. ఆకు మీద మచ్చ కనబడితే ఫొటో తీసి పెడతారు. అరగంటలో నలుగురు తలో మాట చెబుతారు. వరికోత మిషను ఏ ఊళ్లో ఉందో, కలుపుకు కూలీలు ఎక్కడ దొరుకుతారో, పాడి గేదె ఎవరి దగ్గర అమ్మకానికి ఉందో కూడా అక్కడే తెలుస్తుంది.

ఈ పనంతా ఇదివరకు రచ్చబండ దగ్గర జరిగేది. రచ్చబండ ఎవరిది? ఊరిది. దాని మీద కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరి ఈ కొత్త రచ్చబండ ఎవరిది? ఒక కంపెనీది. మనం అందులో కిరాయి కట్టకుండా కూర్చున్నాం, అంతే. లెమ్మంటే లేవాల్సిందే!

కరెంటు, రోడ్డు, మంచినీళ్ల మాదిరిగా ఇది కూడా లేకపోతే రోజు గడవని సేవ అయిపోయింది. అలాంటప్పుడు ఇది కంపెనీల సొంత ఆస్తిగా ఉండాలా, ప్రజల ఆస్తిగా ఉండాలా? ఈ ప్రశ్న ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. ‘మాకెందుకీ గొడవ, పట్నం వాళ్లు చూసుకుంటారు’ అనుకోకండి. పెద్ద రైతుకు ధర కనుక్కోవడానికి పది దారులుంటాయి. ఎకరం, రెండెకరాల రైతుకు చేతిలోని ఫోనే దిక్కు. అది ఆగితే మొదట దెబ్బతినేది చిన్న రైతే. అందుకే ఈ సంగతి మీరు తెలుసుకోవాలి.

ఆ రాత్రి ఆరు గంటలు

2021 అక్టోబరు 4, సోమవారం. మన టైము ప్రకారం రాత్రి 9 గంటలు దాటిన కాసేపటికి వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారే ఆగిపోయాయి. మళ్లీ వచ్చేసరికి తెల్లవారుజాము. దాదాపు 6 గంటలు ప్రపంచం మొత్తం మీద అదే పరిస్థితి. ఎవరో దాడి చేసి ఆపింది కాదు. మామూలు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక తప్పు ఆదేశం వల్ల కంపెనీ కంప్యూటర్ కేంద్రాలను కలిపే ప్రధాన లైన్లన్నీ తెగిపోయాయి. మూడూ ఒకే కంపెనీవి కాబట్టి మూడూ పడ్డాయి.

వాట్సాప్ మొదట్లో వేరే కంపెనీ. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2019 నాటికే మన దేశంలో 40 కోట్ల మంది వాడుతున్నారని కంపెనీయే చెప్పింది. అంత మంది మాట్లాడుకునే చోటుకు తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉందన్న మాట.

మీ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఏం చేస్తారు? లైన్‌మన్‌ను పట్టుకుంటారు. ఆయన వినకపోతే ఏఈ దగ్గరికి పోతారు. అక్కడా కాకపోతే సబ్‌స్టేషన్ ముందు కూర్చుంటారు. చార్జీలు పెంచుతామంటే విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడికి రైతులు వెళ్లి మైకు పట్టుకుని అడిగిన రోజులున్నాయి. మరి వాట్సాప్ ఆగితే ఎవరిని అడగాలి? గ్రూపు మూసేస్తే ఎక్కడ అర్జీ పెట్టాలి? నియమాలు మారిస్తే విచారణ ఎక్కడ జరుగుతుంది? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వాతావరణ కబురుకే తాళం

ఆ 6 గంటలదీ పొరపాటు అనుకుందాం. కావాలని ఆపిన సందర్భాలూ ఉన్నాయి.

2021 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక చట్టం తేబోయింది. పత్రికల వార్తలు వాడుకుంటున్నందుకు ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలు పత్రికలకు డబ్బు కట్టాలన్నది దాని సారాంశం. ఫేస్‌బుక్‌కు కోపం వచ్చింది. ఫిబ్రవరి 18న ఆ దేశంలో వార్తలన్నీ ఆపేసింది. వార్తలతో పాటు అక్కడి వాతావరణ శాఖ పేజీ, ఆరోగ్య శాఖల పేజీలు, అగ్నిమాపక శాఖ పేజీ కూడా ఖాళీ అయిపోయాయి. అది అక్కడ కార్చిచ్చుల కాలం! పొరపాటున జరిగిందని కంపెనీ చెప్పి ఆ పేజీలను తిరిగి ఇచ్చింది. వార్తల మీద ప్రభుత్వంతో రాజీ కుదరడానికి మాత్రం 5 రోజులు పట్టింది.

2023 ఆగస్టులో కెనడాలోనూ ఇలాంటి తగాదాయే వచ్చింది. అక్కడా వార్తలు ఆగిపోయాయి. అదే నెలలో ఉత్తరాన ఎల్లోనైఫ్ పట్టణాన్ని కార్చిచ్చు చుట్టుముడుతుంటే దాదాపు 20 వేల మంది ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఏ దారి తెరిచి ఉందో చెప్పే వార్తను ఒకరికొకరు ఫేస్‌బుక్‌లో పంపుకోలేకపోయారు.

అమెరికాలో ఇంకో ముచ్చట. 2022 అక్టోబరులో ట్విటర్‌ను ఒక సంపన్నుడు, ఎలాన్ మస్క్, 4,400 కోట్ల డాలర్లకు కొన్నాడు. కొన్నాక లెక్కలు మార్చాడు. కంప్యూటర్ ద్వారా వాటంతటవే వెళ్లే సందేశాలకు పరిమితి పెట్టాడు. దాంతో 2023 ఏప్రిల్‌లో, సునామీ హెచ్చరికలన్నీ ఇకపై ఇక్కడ పెట్టలేమని అక్కడి వాతావరణ శాఖ ఖాతాలోనే రాయాల్సి వచ్చింది. గోల కావడంతో మే మొదట్లో ప్రభుత్వ సేవలకు మినహాయింపు ఇచ్చారు.

ఈ మూడు ముచ్చట్లూ మన కోస్తా రైతుకు పెట్టి చూడండి. వరి పనల మీద ఉంది. తుఫాను వస్తోంది. ఆ కబురు మీకు చేరాలా వద్దా అన్నది ఎక్కడో ఒక కంపెనీ, ఒక ప్రభుత్వంతో పెట్టుకున్న తగాదా మీద ఆధారపడితే?

కాటా ఎవరి చేతిలో ఉంది?

మీ తాతల కాలంలో సరుకు ఎక్కడ అమ్మేవారో పెద్దవాళ్లను అడగండి. వ్యాపారి కొట్లో. వ్యాపారి కాటా మీద. వ్యాపారి చెప్పిన తరుగుకు. మార్కెట్ల చట్టం (1966) కింద యార్డులు పెరిగాక వేలం అందరి ముందూ జరగాలన్నారు. కాటా తనిఖీ చేయాలన్నారు. హమాలీ చార్జీ బోర్డు మీద రాయాలన్నారు. యార్డుల్లో లోపాలు లేవని ఎవరూ అనరు. కానీ అడిగే హక్కు మాత్రం వచ్చింది.

సామాజిక మాధ్యమాల్లో మనం ఇంకా వ్యాపారి కొట్లోనే ఉన్నాం. ఫేస్‌బుక్, యూట్యూబ్ తెరిస్తే ముందు ఏది కనబడాలో కంపెనీ కాటాయే తేలుస్తుంది. ఆ కాటా ఎలా తూస్తుందో బయటివారికి చూపరు. ఫేస్‌బుక్ యజమాని కంపెనీ మెటా ఆదాయంలో నూటికి 95 వంతులకు పైగా ప్రకటనల డబ్బే. అందువల్ల మీరు ఎక్కువసేపు కదలకుండా చూసేదే వాళ్లకు లాభం. ‘ఒక్క డోసుతో ఎకరాకు రెట్టింపు దిగుబడి’ అనే వీడియో ముందుకొస్తుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త నిదానంగా చెప్పిన మాట అడుగున పడిపోవచ్చు. ఆ మందు కొని నష్టపోతే వీడియో చూపించిన కంపెనీ పైసా కట్టదు.

2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు. తెలుగు రాష్ట్రాల్లోనూ ఏమీ ఎరగని వాళ్లను కొట్టారు, ప్రాణాలు పోయాయి. జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. మంచి పనే. కానీ ఆ నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలో, ఎంత పెట్టాలో కంపెనీ ఆఫీసులోనే తేలింది. పల్లెల్లో ఎవరినీ అడగలేదు.

‘ఉచితం’ ఒకసారి మన గడపకూ వచ్చింది

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఒక పథకం తెచ్చింది. మొదట పెట్టిన 6 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ సిమ్ ఉంటే చాలు, డేటా చార్జీ లేకుండా కొన్ని వెబ్‌సైట్లు చూడొచ్చు. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అని మార్చారు. రుతుపవనాల కబురు, పంట ధర తెలుసుకుంటున్న రైతును ఉదాహరణగా చూపించి పెద్ద ఎత్తున ప్రచారం చేశారు.

ఉచితమే కదా, తప్పేంటి? కాలువతో పోల్చి చూడండి. నీళ్లు ఉచితం, కానీ ఏ తూము తెరవాలో నేను చెబుతానని ఒకరంటే ఒప్పుకుంటారా? కింది పొలాల వాళ్లు ఏం కావాలి? అందుకే లక్షల మంది నెట్ అందరికీ ఒకే తీరుగా ఉండాలని రాశారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న తేల్చి చెప్పింది: ఏం చూస్తున్నారన్న దాన్ని బట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టకూడదు. దాంతో ఆ పథకం మన దేశంలో ఆగిపోయింది. అంటే కంపెనీ ఎంత పెద్దదైనా ప్రజలు అడిగితే నియమం పెట్టొచ్చని మనమే చూపించాం.

సర్కారు చేతికిస్తే సరిపోతుందా?

‘అయితే ప్రభుత్వమే ఒక వాట్సాప్ పెట్టాలి’ అంటారా? తొందరపడకండి. సర్కారు చేతిలో ఉన్నదంతా ప్రజలదేనని చెప్పలేం. ఫోన్లు పూర్తిగా ప్రభుత్వ శాఖ చేతిలో ఉన్న రోజుల్లో ఒక కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఆపడంలోనూ సర్కారు తక్కువ తినలేదు. 2019 ఆగస్టులో జమ్ముకశ్మీర్‌లో నెట్ ఆపితే, అక్కడ 4జీ పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఈ మధ్యలో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, గడువు లేకుండా నెట్ ఆపడం కుదరదని, ఆపే ఆదేశాలను బయటపెట్టాలని చెప్పింది. 2021 జనవరి చివర్లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్న సింఘు, టిక్రి, ఘాజీపూర్‌లలోనూ నెట్ ఆపారు. ఫిబ్రవరి 1న రైతు ఉద్యమ ఖాతాలను ప్రభుత్వం కోరిందని ట్విటర్ కొన్ని గంటలు నిలిపేసింది. చూశారా, ఆపమన్నది ఒకరు, ఆపింది ఇంకొకరు. మధ్యలో రైతు మాట ఆగింది.

ఇక పేరుకు రైతులదే అయిన మార్కెట్ కమిటీనే చూడండి. పాలకవర్గాన్ని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది. మన మాటల పెట్టెకు కూడా అలాంటి కమిటీయే వస్తే? ఒక యజమాని పోయి ఇంకో యజమాని వచ్చినట్టే.

అందువల్ల అడగాల్సింది ప్రభుత్వ పెత్తనం కాదు. ప్రజల యాజమాన్యం. ఈ రెండింటికీ తేడా మన ప్రాంతం వారికి కొత్తగా చెప్పక్కర్లేదు.

మనకు తెలిసిన దారులే

సిరిసిల్లలో సెస్ ఉంది. సహకార విద్యుత్ సరఫరా సంఘం. 1970 నుంచి ఆ ప్రాంతంలో ఇళ్లకూ బోర్లకూ మగ్గాలకూ కరెంటు ఇస్తోంది. వినియోగదారులే సభ్యులు. పాలకవర్గానికి ఓట్లు వేస్తారు. 2022 డిసెంబరులోనూ ఎన్నికలు జరిగాయి. పార్టీల గొడవ లేకపోలేదు, అయినా కరెంటు లాంటి నిత్యావసర సేవను వాడుకునే వాళ్లే సొంతం చేసుకోవచ్చని అది రుజువు చేసింది.

ముల్కనూరు సహకార సంఘం 1956లో పుట్టింది. సర్కారు జోక్యం లేకుండా సభ్యులే సంఘాలు నడుపుకోవచ్చని 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం చేసింది కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే.

అదే 1995లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రేడియో, టీవీ ప్రసారాలు సాగే గాలి తరంగాలు ప్రజల ఆస్తి, అవి ప్రభుత్వానికి గానీ ప్రైవేటు వారికి గానీ గుత్తసొత్తు కాకూడదని. ఆ తీర్పు తర్వాత పదమూడేళ్లకు, 2008 అక్టోబరు 15న, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది అది. చిరుధాన్యాలు పండించే దళిత మహిళలే మైకు పట్టారు. విత్తనం దాచడం, పశువుల జబ్బులు, పండుగ పాటలు... తమ యాసలో తామే చెప్పుకున్నారు. ఏది ముందు వినిపించాలో తేల్చింది ఆ ఊళ్ల ఆడవాళ్లే. చిన్న రేడియోతో అయిన పని ఫోనుతో ఎందుకు కాదు?

కానీ ఒక చిక్కుంది. కేంద్రం తరఫున ‘సందేశ్’ అనే యాప్ వచ్చింది. మీ ఊళ్లో ఎంతమంది ఫోన్లలో ఉంది? మన వాళ్లంతా వాట్సాప్‌లో ఉంటే మనొక్కళ్లం అక్కడికెళ్లి ఎవరితో మాట్లాడతాం? సంత అందరూ వచ్చే చోటే జరుగుతుంది.

దీనికి మందు కూడా మన చేతిలోనే ఉంది. మీ బీఎస్ఎన్ఎల్ ఫోను నుంచి ఎయిర్‌టెల్ నంబరుకు కాల్ వెళుతుందా లేదా? 2011 జనవరి నుంచి నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతా వచ్చింది. 2016లో మొదలైన యూపీఐ చూడండి. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు డబ్బు పోతుంది. కింద పట్టాలు వేసింది లాభాపేక్ష లేని సంస్థ. బ్యాంకులే దాని వాటాదారులు. పైన బళ్లు ఎవరివైనా నడుస్తాయి. డబ్బుకు కుదిరింది మాటకు ఎందుకు కుదరదు? ఐరోపా దేశాల చట్టం ప్రకారం 2024 మార్చి నుంచి, వేరే యాప్‌ల వాళ్లు కోరితే వాట్సాప్ తలుపు తెరవాల్సి ఉంది.

ఖర్చు ఎవరు భరిస్తారంటారా? ఫేస్‌బుక్ కొనే నాటికి వాట్సాప్‌లో ఉన్న ఉద్యోగులు 55 మంది! వాడుకునేవారు 45 కోట్ల మంది. మొదటి ఏడాది తర్వాత ఏడాదికి ఒక డాలర్ తీసుకునేవారు. వీడియోలకు ఖర్చెక్కువే. మాట, ఫొటో, ధర, వాన కబురు చేరవేయడానికి మాత్రం తలకు పడేది టీ డబ్బులే.

ఏం అడగాలి?

ఈ సేవను నిత్యావసరంగా గుర్తించాలంటే కనీసం నాలుగు నియమాలు కావాలి.

ఒకటి: ఏ యాప్‌లో ఉన్నవారైనా ఇంకో యాప్ వారితో మాట్లాడే వీలుండాలి. ఒకచోట నచ్చకపోతే మన గ్రూపు, మన పాత మాటలు మూట కట్టుకుని ఇంకోచోటుకు పోగలగాలి.

రెండు: వాతావరణం, వరద, మార్కెట్ ధర, పశువుల అంటురోగాల కబుర్లకు ఏ తగాదాలోనూ తాళం వేయకూడదు.

మూడు: ప్రజల సొమ్ముతో పెట్టే సేవకు పాలకవర్గం ఎన్నికై రావాలి. అందులో రైతులకు, మహిళా సంఘాలకు చోటు ఉండాలి. నామినేషన్లు వద్దు.

నాలుగు: ఏదైనా ఆపాలంటే కారణం రాసి, గడువు పెట్టి, అందరికీ తెలిసేలా ఆదేశం ఇవ్వాలి. దాని మీద అప్పీలుకు దారి ఉండాలి. మన మాటలు తెరిచి చదివే హక్కు కంపెనీకీ వద్దు, సర్కారుకీ వద్దు.

ఇప్పుడే చేయదగ్గ పనులు

నియమాలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

* మీ గ్రూపులోని వారి ఫోను నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. యాప్ ఆగినా కాల్ వెళుతుంది.

* సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోను చేయొచ్చు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే చెబుతారు.

* వాతావరణ శాఖ వారి మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో సాగు సలహాలు వస్తాయి. ధరలకు ఈ-నామ్, అగ్‌మార్క్‌నెట్ చూడండి. గ్రూపులో వచ్చిన ధరను వాటితో పోల్చుకోండి.

* ఇంట్లో పాత రేడియో ఉంటే బాగు చేయించండి. తుఫాను రోజున సెల్ టవరు పడిపోయినా రేడియో పలుకుతుంది.

* గ్రూపులో చెప్పిన మందును వ్యవసాయాధికారిని గానీ కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగకుండా కొనొద్దు. కొంటే బిల్లు తీసుకోండి.

* మీ రైతు ఉత్పత్తిదారుల సంఘం సమావేశంలో, గ్రామసభలో ఈ నాలుగు నియమాలూ చదివించండి. తీర్మానం చేసి ఎమ్మెల్యేకు, ఎంపీకి పంపండి. ట్రాయ్ ఎప్పుడైనా అభిప్రాయాలు అడిగితే మీ సంఘం పేరుతో ఉత్తరం రాయండి.

బోరు వేసేముందు నీళ్లు పడతాయా అని పదిమందిని అడుగుతాం. కౌలుకు తీసుకునేముందు పొలం ఎవరి పేరున ఉందో చూస్తాం. రోజూ కూర్చునే రచ్చబండ ఎవరి పేరున ఉందో మాత్రం ఇన్నాళ్లూ అడగలేదు. ఇకనైనా అడుగుదాం.